ముల్లు దించే ముందు

ఒకరు: అటక మీద రికార్డు ప్లేట్ల పెట్టె కనిపించగానే చాలామంది అనే మాట ఒకటే: ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతున్నాయి కదా అని. దొరికేవి దొరుకుతున్నాయి, నిజమే. దొరకనివి ఎన్ని ఉన్నాయో ఆ పెట్టె విప్పి ఒక్కొక్క లేబులూ చదివితే గాని తెలియదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది, దాని ప్రింటు ఇప్పుడు లేదు. ఆ దశాబ్దపు తెలుగు చిత్రాల్లో చాలావాటిదీ అదే గతి. బొమ్మ పోయినా పాట మిగిలిందంటే అది రికార్డు వల్లే మిగిలింది. పైగా ఆ రోజుల్లో సినిమా పాటను ప్లేటు కోసం విడిగా మళ్లీ పాడించే అలవాటుండేది. నిడివి మారేది, వాద్యాలు మారేవి, ఒక్కోసారి గొంతే మారేది. సినిమా దొరికినంత మాత్రాన ఆ రికార్డు దొరికినట్టు కాదు. ఇక రంగస్థల పద్యాలు, పౌరాణిక నాటకాల సెట్లు, హరికథలు, లలితగీతాలు పక్కకు మూడు, మూడున్నర నిమిషాల చొప్పున లక్కతో చేసిన 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీదికి ఎక్కాయి. అందులో మళ్లీ విడుదలకు నోచుకున్నది అమ్ముడుపోతుందని కంపెనీలు నమ్మిన భాగమే. తక్కినది ఇళ్లల్లో ఉంది. అందుకే, మూలపడ్డ టర్న్‌టేబుల్‌ను కిందికి దింపి, బాగుచేయించి, ఈ రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఎవరింట్లో వాళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలంటాను. ప్లేటు, యంత్రం, ఆ గొంతు ఎవరిదో చెప్పగల మనిషి, మూడూ ఒకేసారి వయసు మీరుతున్నాయి. మూడింటిలోకీ ముందు చేజారేది మనిషే.

మరొకరు: ఆ సంపద గురించి మీరన్నదానిలో ఒక్క అక్షరం కాదనను. నా అభ్యంతరం యంత్రంతో మొదలవుతుంది. రికార్డు వినడమంటే దాన్ని కాస్త అరగదీయడమే. ముల్లు కొన గాడి గోడలను తాకే చోటు ఎంత చిన్నదంటే, రెండు గ్రాముల బరువు కూడా అక్కడ విపరీతమైన ఒత్తిడి అవుతుంది. మంచి ముల్లు సరైన బరువుతో నడిస్తే వినైల్ ఆ ఒత్తిడికి రవ్వంత వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, అరుగుదల చాలా తక్కువ. కానీ మీరు కిందికి దింపమంటున్న పాత ప్లేయర్‌లో ఉన్నది ఏ ముల్లు? వజ్రపు ముల్లుకు ఆయుర్దాయం సుమారు 500 నుంచి 1000 గంటలు, నీలపు రాతి ముల్లుకు అంతకంటే ఎంతో తక్కువ. అది ఎన్ని గంటలు తిరిగిందో ఏ ఇంట్లోనూ లెక్క ఉండదు. అరిగిన ముల్లుకు పక్కల చదును పడి అంచులు తేలతాయి, ఆ అంచులు గాడిలో ఉలిలా పనిచేస్తాయి. మొదట పోయేది పై స్థాయి ధ్వని: సకారాలు, తాళాల మెరుపు, తంబురా నాదం మీద తేలే సన్నని స్వరాలు. ఒకసారి చెక్కుకుపోయిన గోడను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి కట్టలేదు. దీనికి తోడు మనిషి స్వభావం ఒకటుంది. యంత్రం తిరగడం మొదలవగానే, పనిచేస్తోందో లేదో చూద్దామని ఎవరైనా చేతిలోకి తీసుకునేది తమకు అన్నిటికంటే ఇష్టమైన ప్లేటునే. కాపాడాలనుకున్న రికార్డే తొలి పరీక్షకు బలవుతుంది.

ఒకరు: మీరు చెప్పింది ముల్లు మార్చాలనడానికి కారణం, పని మానుకోవడానికి కాదు. పాత యంత్రమంటే అంతా ఒకే ముద్ద అనుకోవడం వల్ల ఈ భయం వస్తుంది. విప్పి చూస్తే అందులో కాలానికి నిలిచే భాగాలు కొన్ని, నిలవనివి కొన్ని. బరువైన పళ్లెం, ఇరుసు, మోటారు దశాబ్దాలు నిలుస్తాయి. ఇరుసులో గడ్డకట్టిన పాత గ్రీజు తుడిచి పల్చని నూనె రెండు చుక్కలు వేస్తే చాలావరకు దారికొస్తాయి. రబ్బరు నిలవదు. బెల్టు సాగి జారుతుంది, బెల్టు లేని మోడళ్లలో పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం గట్టిపడి గుడగుడమనే శబ్దాన్ని పాటలోకి ఎక్కిస్తుంది. వాటిని మార్చాలి. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాలి. ముల్లును మాత్రం బాగున్నట్టు కనిపించినా మార్చాలి. అసలు పాత యంత్రాలన్నిటినీ బతికించమని నేననను. 1970లలో మధ్యతరగతి ఇళ్లల్లోకి వచ్చిన హెచ్‌ఎంవీ ఫియెస్టా వంటి పెట్టె ప్లేయర్లు ముచ్చటైనవే. వాటి తరగతి యంత్రాల్లో ఉండే క్రిస్టల్, సిరామిక్ కార్ట్రిడ్జిలు మాత్రం ఇప్పటి వాటికి రెట్టింపు, అంతకు పైన బరువుతో గాడిని నొక్కుతాయి. తేమ తగిలితే క్రిస్టల్ రకం దానంతటదే చెడిపోతుంది కూడా, కోస్తా ఊళ్ల గాలికి అది తట్టుకోవడం కష్టం. వాటిని వినడానికి ఉంచుకోవచ్చు, నకలు తీయడానికి వాడకూడదు. చేయి బరువును సరిచూసుకునే వీలు, కార్ట్రిడ్జి మార్చుకునే వీలు ఉన్న టర్న్‌టేబుల్‌నే బతికించాలి. దాని మీద కొత్త ముల్లు బిగించి, ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల మధ్య తయారీదారు చెప్పిన బరువు పెట్టి, స్ట్రోబు డిస్కుతో వేగం చూసుకుని, ఎవరికీ అక్కర్లేని ప్లేటు మీద పరీక్షించాక గాని అసలు రికార్డు పెట్టకూడదు. ఇంత జాగ్రత్త సామాన్యుడికి అసాధ్యమేమీ కాదు.

మరొకరు: ఎల్పీల వరకు ఒప్పుకుంటాను. కానీ మీరు మొదలుపెట్టింది 78ల పేరు చెప్పి. వాటి దగ్గర ఈ జాగ్రత్తలు సరిపోవు. ఎల్పీ గాడికి సరిపడే ముల్లు కొన వ్యాసార్ధం 18 నుంచి 25 మైక్రాన్లు. 78 గాడికి కావలసింది 75 మైక్రాన్ల దరిదాపు. సన్న ముల్లు వెడల్పు గాడిలో పడితే గోడలను తాకకుండా అడుగున చేరిన దుమ్ములో ఈదుతుంది, వినిపించేది పాటకంటే ఎక్కువగా మురికే. సరైన కొలత ముల్లు వేసినా కథ ముగియదు. రికార్డు కోసేటప్పుడు కింది స్థాయి ధ్వనిని తగ్గించి పై స్థాయిని పెంచేవారు, వినేటప్పుడు ప్రీయాంప్లిఫయర్ దాన్ని తిరగేసి సరిచేస్తుంది. ఆ లెక్క అందరికీ ఒకటిగా కుదిరింది 1954 ప్రాంతంలో ఆర్‌ఐఏఏ ప్రమాణంతో. అంతకు ముందు ఏ కంపెనీ లెక్క దానిదే. ఇప్పటి ప్రీయాంప్లిఫయర్లు దాదాపు అన్నీ ఆర్‌ఐఏఏ కోసం చేసినవే కాబట్టి వాటిలోంచి వచ్చే 1940ల గొంతు ఆ గాయకుడి గొంతులా ఉండకపోవచ్చు. వేగం మాటా అంతే. 78 అని పిలుస్తాం గాని తొలి దశాబ్దాల రికార్డులు కచ్చితంగా 78 మీదే కోయలేదు, కొన్ని అంతకు తక్కువ, కొన్ని ఎక్కువ. వేగం మూడు శాతం తప్పితే శ్రుతి అర స్వరస్థానం కదిలిపోతుంది. సినిమా పాట విషయంలో దీన్ని ఎవరూ గమనించకపోవచ్చు. ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ విని ఆయన ఏ శ్రుతిలో వాయించారో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి అది తప్పుడు పాఠం. గ్రేట్ 78 ప్రాజెక్టులో ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు ఒకే ప్లేటును నాలుగు వేర్వేరు కొలతల ముళ్లతో ఒకేసారి రికార్డు చేయించారు, ఏ ఒక్క ముల్లూ చెప్పేది పూర్తి నిజం కాదని తెలిసినందువల్లే. అనుభవజ్ఞులకే నాలుగు ముళ్లు కావలసి వస్తే, అటక మీంచి దింపిన యంత్రం ఒక్క ముల్లుతో చదివినదాన్ని ఈ రికార్డుకు నకలు అని భద్రపరచడం ఎలా న్యాయం?

ఒకరు: ఇక్కడ రెండు రకాల తప్పులను మీరు ఒకే గాట కట్టారు. తర్వాత దిద్దుకోగలిగిన తప్పు వేరు, దిద్దుకోలేనిది వేరు. వేగం తప్పడం మొదటి రకం. ఫైలులోని వేగాన్ని ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా మార్చవచ్చు. 78 వేగం లేని టర్న్‌టేబుల్ మీద ప్లేటును 45 మీద తిప్పి రికార్డు చేసి, కంప్యూటర్లో వేగం పెంచుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే అది అయిపోతుంది. ఈక్వలైజేషన్ కూడా అంతే. ఆర్‌ఐఏఏ దిద్దుబాటుతో రికార్డయినదాన్ని లెక్క ప్రకారం వెనక్కి తిప్పి, ఆ కాలపు కంపెనీ పద్ధతికి తగ్గట్టు మళ్లీ దిద్దవచ్చు. చేయవలసిందల్లా ఏ ముల్లు, ఏ బరువు, ఏ వేగం, ఏ ప్రీయాంప్లిఫయర్ అనేవి రాసిపెట్టడం. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ చెప్పేది కూడా ఇదే: కనీసం 48 కిలోహెర్ట్జ్, వీలైతే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో తీయండి, తీసిన దానిలో వేలు పెట్టకుండా మూలంగా ఉంచండి, శుభ్రం చేసుకోవాలంటే మరో నకలు తీసి దాని మీద చేసుకోండి అని. మోనో రికార్డునైనా స్టీరియోలోనే తీయాలి, ఎందుకంటే గాడి రెండు గోడలూ సమానంగా అరగవు. రెండు చానళ్లూ ఉంటే తర్వాత మెరుగైన గోడను ఎంచుకోవచ్చు, రెంటినీ కలిపితే నిలువు కదలికల వల్ల వచ్చే చప్పుడు చాలావరకు రద్దవుతుంది. ఇవన్నీ పాటిస్తే ఇంట్లో తీసిన ఫైలు నాసిరకం నకలు కాదు, రాబోయే తరం నిపుణుడికి పనికొచ్చే ముడిసరుకు. ముక్కలైన లక్క ప్లేటు మాత్రం ఎవరికీ ముడిసరుకు కాదు. మీరు దిద్దుకోగలిగిన తప్పులకు భయపడి దిద్దుకోలేని నష్టానికి తలుపు తెరుస్తున్నారు.

మరొకరు: పాటిస్తే అన్నారు. ఆ మాట దగ్గరే నాకు నమ్మకం కుదరదు. ఇంట్లో ఈ పని చేసేవారిలో చాలామందికి కావలసింది చిటపటలు లేని పాట. శబ్దం తీసేసే మీట నొక్కుతారు. అది చిటపటతో పాటు మృదంగం అరచేతి దెబ్బ మొదటి క్షణాన్నీ, వీణ మీటు పదునునూ కొంత తీసుకుపోతుంది. విన్నవారికి హాయిగా ఉంటుంది. అదే ఉంచుకుని ముడి ఫైలు చోటు తింటోందని తుడిచేస్తారు. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లంటే 40 నిమిషాల ఎల్పీకి దాదాపు 1.4 గిగాబైట్లు. నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలోకి మారిస్తే సుమారు సగానికి వస్తుందనుకోండి, అయినా వందల ప్లేట్లున్న ఇంట్లో అది చిన్న మాట కాదు. ఆ తర్వాత ఫైలు గతి? 2000ల తొలినాళ్లలో ఇంట్లో సీడీల మీదికి ఎక్కించుకున్న పాటల్లో ఎన్ని ఇప్పుడు తెరుచుకుంటున్నాయి? హార్డు డిస్కు ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది. వినైల్ ప్లేటును నిటారుగా నిలబెట్టి ఎండకు దూరంగా ఉంచితే మనవల కాలానికి కూడా పాడుతుంది. ఫైలును మాత్రం కొన్నేళ్లకోసారి ఎవరో ఒకరు కొత్త చోటికి మార్చుకుంటూ పోవాలి, ఒక్క తరం ఏమరిస్తే అంతే. నాకున్న పెద్ద దిగులు ఇంకోటి. నకలు చేతికొచ్చాక ప్లేటు బరువనిపిస్తుంది. పాట కంప్యూటర్లోకి వచ్చేసిందిగా, ఇంకెందుకని పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తారు. దానితోపాటు లేబులు మీది పేర్లు, అట్ట వెనక రాతలు, చివరి గాడికీ లేబులుకూ మధ్య నున్నటి చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు పోతాయి. ఏ రికార్డింగు ఏ విడత అచ్చో చరిత్రకారుడు పోల్చుకునేది ఆ నంబరుతోనే. అంటే కాపాడే పని అనుకున్నదే పారేయడానికి అనుమతిపత్రం అవుతుంది.

ఒకరు: ప్లేటును పారేయడం పట్ల మీ దిగులు నాదీ. నకలు తీసినవాడు అసలును పారేయకూడదన్నది ఈ పనిలో మొదటి షరతు కావాలి. లేబుళ్లకు, అట్టలకు, ఆ మ్యాట్రిక్స్ నంబరుకు ఫొటోలు తీసి ఫైలు పక్కనే ఉంచాలి. ఇది పాట తీయడంతో సమానమైన పని. కానీ నిటారుగా నిలబెట్టి ఎండకు దూరంగా ఉంచితే చాలన్నారే, మన ఇళ్లల్లో రికార్డులు ఎక్కడున్నాయో చూడండి. రేకుల కప్పు కింద, స్లాబు కింద అటక మీద, మే నెల వేడిలో, ఒకదాని మీదొకటి దొంతరగా. వినైల్ ఆ వేడికీ బరువుకూ వంకర తిరుగుతుంది. లక్క ప్లేట్లకు తేమ వల్ల బూజు, చేయి జారితే ముక్కలు. అట్టలకు చెదలు. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పోతాయి. కదపకుండా ఉంచితే నిలుస్తుందన్న మాట చల్లటి, పొడి గదులున్న భాండాగారాల మాట. ఫైలు సున్నితమైనదే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని మూడు చోట్ల, మూడు ఊళ్లలో, అక్షరం తేడా లేకుండా ఉంచవచ్చు. ప్లేటుతో అది కుదరదు. పెద్ద సంస్థలు చూసుకుంటాయిలే అన్న భరోసా మాటా విన్నాం. 2008 జూన్‌లో హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో మంటలు రేగినప్పుడు అక్కడ దాచిన మాస్టర్ టేపులు పెద్ద ఎత్తున తగలబడ్డాయి, ఆ సంగతి లోకానికి పూర్తిగా తెలిసింది 2019లో. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన సంగీత సంస్థకే అలా జరిగింది. తెలుగు రికార్డుల విషయంలో మనం ఇవాళ ఇంత వినగలుగుతున్నామంటే, మాట్లాడుకోగలుగుతున్నామంటే వి.ఎ.కె. రంగారావు గారి వంటి సేకర్తల ఓపికకు చాలా రుణపడి ఉన్నాం. సంస్థలు అక్కర్లేదనుకున్నదాన్ని వ్యక్తులు దాచారు. ఆ పని వ్యక్తులే కొనసాగించాలి.

మరొకరు: రంగారావు గారి పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన వంటివారి సేకరణ విలువ ఏ రికార్డు ఎందుకు ముఖ్యమో తెలిసిన చూపులో ఉంది. ఆ చూపుతో మామూలు తెలుగు ఇంటి అరను చూడండి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం, ఐదు ఎల్పీల బాలాజీ పంచరత్నమాల, ఘంటసాల భగవద్గీత, ‘శంకరాభరణం’ పాటలు. వీటిలో ఒక్కటైనా మీరు కాపాడకపోతే పోయేదుందా? కంపెనీ దగ్గరున్న టేపు నుంచి వచ్చిన ప్రతి ఎప్పుడూ దొరుకుతోంది, ఇంటి నకలు దాని ముందు నిలవదు. నిలవకపోవడానికి కారణం భౌతికమైనది. ఎల్పీ నిమిషానికి ముప్పై మూడుంపావు సార్లకు కాస్త ఎక్కువగా, ఒకే వేగంతో తిరుగుతుంది గనక ముల్లు కింద గాడి బయటి అంచున సెకనుకు 51 సెంటీమీటర్లు పరుగెడితే, లోపలి చివర 21 మాత్రమే. ప్రతి పక్కనా చివరి పాటకు చోటు ఇరుకై గొంతు గరగరలాడుతుంది. టేపుకు ఆ ఇరుకు లేదు. నకలు తీయడం నిజ సమయంలో జరిగే పని, 100 ఎల్పీలంటే ఒట్టి తిరగడానికే 67 గంటలు. కడగడం, పాటలు విడగొట్టడం, పేర్లు రాయడం దాని మీద. ఆ శ్రమంతా ఇప్పటికే క్షేమంగా ఉన్నవాటి మీద పోసి, మనం చరిత్రను కాపాడాం అనుకుంటే అసలు ఆపదలో ఉన్నది ఆపదలోనే ఉండిపోతుంది.

ఒకరు: ఇది మీ వాదనలో అన్నిటికంటే బలమైన భాగం, చాలావరకు లొంగిపోతున్నాను. సుప్రభాతాన్ని ఇంట్లో నకలు తీయడం సొంత తృప్తికే. అయినా అన్ని పాత ఎల్పీలనూ ఆ ఖాతాలో వేయలేం. ‘ముత్యాల ముగ్గు’, ‘దాన వీర శూర కర్ణ’ సంభాషణల రికార్డులను జనం పాటల కంటే ఇష్టంగా వేసుకుని విన్నారు. సినిమా నేడు దొరుకుతుంది, కానీ ఆ రికార్డు కోసం సంభాషణలను ఎలా ఏరి కూర్చారన్నది ప్లేటులోనే ఉంది. అది వినికిడి చరిత్ర. మళ్లీ విడుదలైన పాటల్లోనూ ప్రతిధ్వని చేర్చినవి, మోనోను బలవంతంగా రెండుగా చీల్చినవి, మీరు దిగులుపడ్డ శబ్ద నివారణకు గురైనవి ఉన్నాయి. అలాంటి చోట అరలోని పాత అచ్చే సాక్షి. అలాగని మొత్తం తీయమనను. ముందు జాబితా రాయాలి, దొరికేవీ దొరకనివీ వేరుచేయాలి, దొరకనివి తీయాలి. నిజానికి ఈ జాబితా రాయడానికి టర్న్‌టేబుల్ కూడా అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే చాలు, రేపే మొదలుపెట్టవచ్చు.

మరొకరు: జాబితాకు నా అభ్యంతరం లేదు. తీసిన తర్వాత ఏం చేస్తారో కూడా ముందే తేల్చుకోవాలి. సొంతానికి వినడం, పరిశోధన కోసం వాడుకోవడం మన కాపీరైటు చట్టం 52వ సెక్షన్ అనుమతించే పనే. నెట్‌లో పెట్టడం వేరు. రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, ఆ లెక్కన 1960 నాటి రికార్డింగు మీది హక్కు 2020 చివరికి ముగిసింది. కానీ సాహిత్యం మీద, బాణీ మీద హక్కు వేరే లెక్క: రచయిత, స్వరకర్త పోయిన 60 ఏళ్ల వరకు. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీల మీది హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. గ్రేట్ 78 ప్రాజెక్టు మీద కూడా అమెరికాలో పెద్ద కంపెనీలు 2023లో దావా వేశాయి. అంటే మీరు తీసిన ఫైళ్లలో చాలావాటిని మీ ఇంట్లోనే ఉంచుకోవాలి. ఇంట్లో ఉంచుకునేదే అయితే అది ఇంకో అటక కదా?

ఒకరు: కాదు. అటక మీది ప్లేటును పరిశోధకుడు అడిగితే పంపడం సాహసం, ఫైలును వినిపించడం అలా కాదు. హక్కు ముగిసే రోజు వచ్చేసరికి ఆ ధ్వని ఎక్కడో ఒకచోట ఉండాలి కూడా. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో నెలకొల్పిన సంగీత భాండాగారం గురుగ్రామ్‌లో వ్యక్తుల సేకరణలను స్వీకరించి దాస్తోంది. అలాంటి చోటికి ఇవ్వడానికి కూడా మన దగ్గర ఏముందో, అది ఎలా వినిపిస్తుందో ముందు మనకు తెలియాలి కదా. ఇప్పుడు మీరు సూటిగా చెప్పండి. ఒక ఇంట్లో 1930ల నాటి పద్య నాటకం సెట్టు ఉంది, మరెక్కడా ఉన్న జాడ లేదు. మీరైతే ఏం చేస్తారు?

మరొకరు: మీ యంత్రం మీద మాత్రం పెట్టను. మన వాదనంతా వచ్చి చేరేది ఇక్కడికే. ఏ రికార్డును తీయవలసిన అవసరం అన్నిటికంటే ఎక్కువో, సరిగ్గా ఆ రికార్డు మీదే చేయి తిరగని మనిషి ముల్లు దించకూడదు. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుందన్నది కూడా తెలియనివారు చాలామంది, వినైల్‌కు వాడే క్లీనర్‌నే దీనికీ పూసేస్తారు. ముట్టకుండా చదివే మార్గం ఒకటి ఉంది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్ బృందం ఐరీన్ అనే పద్ధతిని తయారుచేసింది. గాడిని సూక్ష్మంగా ఫొటో తీసి ఆ బొమ్మలోంచి కంప్యూటరు ధ్వనిని లెక్కగడుతుంది. పగిలిన ప్లేటుకు కూడా అది పనికొస్తుంది. మసి పూసిన కాగితం మీద 1860లో గీసిన శబ్ద రేఖలనే 2008లో బొమ్మ తీసి వినిపించారు, ఆ గీత గీసినవాడు దాన్ని ఎవరైనా వింటారని అనుకోనైనా లేదు. ఆ సెట్టును జాగ్రత్తగా మెత్తటి కవర్లలో నిలబెట్టి, లేబుళ్లకు ఫొటోలు తీసి, ఆ స్థాయి చేతుల్లో పెట్టేవరకు ఆగుతాను.

ఒకరు: ఆ స్థాయి చేతులు తెలుగు పద్యం దాకా ఎప్పుడు వస్తాయి? ఐరీన్ దగ్గరికి చేరే ప్లేట్లను ఎవరో ఎంచుతారు. ఎంచేవారికి మన నాటకం సెట్టులో ఏముందో తెలియాలంటే ఎవరో ఒకరు విని చెప్పి ఉండాలి. విననిదాని కోసం ఎవరూ అంత ఖర్చు పెట్టరు. ఆగడానికి ఆ ఇంటివారికి వ్యవధి ఉందో లేదో కూడా చూడండి. ఆ ప్లేటు మీద కృష్ణుడి పద్యాలు పాడిందెవరో లేబులు మీద చెరిగిపోయి ఉంటే, రెండు చరణాలు విని ఫలానా సమాజం ఆయనే అని చెప్పగల మనిషి వయసు ఎనభై దాటి ఉంటుంది. ఐరీన్ వచ్చేనాటికి గాడి ఉండవచ్చు, ఆ మనిషి ఉండడు. ధ్వని దొరికి పేరు పోవడం మీకు సమ్మతమా? చేయి తిరగాలన్నారు, తిరగాలి. దొరికే ఎల్పీల మీద, విలువలేని 78ల మీద నెలల తరబడి తీసి తీసి తిప్పుకోవాలి. మీరు వృథా శ్రమ అన్న ఆ సుప్రభాతం నకలు అందుకు పనికొస్తుంది. అలా చేయి తిరిగాక, 78 కోసం చేసిన కొత్త ముల్లు బిగించి, ప్లేటును స్పిరిట్ తగలకుండా శుభ్రమైన స్వేదన జలంతో కడిగి ఆరబెట్టి, ముల్లు దించకముందే రికార్డింగు మొదలుపెట్టి, ఒక్కసారి. ఒక్కసారే. పక్కన ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టి.

మరొకరు: ఒక్కసారికి నేను సరే అనగలిగేది ప్లేటు అంచున చీలిక లేనప్పుడు. చీలిక ఉన్న లక్క ప్లేటులో ముల్లు ప్రతి చుట్టుకూ ఆ చీలికను దూకుతుంది, సెకనుకు ఒకటికంటే ఎక్కువ సార్లు. మూడు నిమిషాల పక్క పూర్తయ్యేసరికి రెండొందల పై దెబ్బలు. విడిపోతుందో లేదో చెప్పలేం. ఆ ప్లేటును మీరు ఆ పెద్దమనిషి కోసం తిప్పుతారు, నేను తిప్పను. ఆయన్ను కూర్చోబెట్టి ఆ నాటకం గురించి, ఆ సమాజం గురించి, పద్యం ఎవరెలా ఎత్తుకునేవారో ఆయనకు గుర్తున్నదంతా రికార్డు చేస్తాను. అందుకు మీ ఫోన్ సరిపోతుంది, టర్న్‌టేబుల్ అక్కర్లేదు.

ఒకరు: అది తప్పకుండా చేయాలి, ముందు అదే చేద్దాం. కానీ ఆయన చెప్పడం పూర్తయ్యాక, చీలిక ఉన్న ఆ ప్లేటును చేతిలోకి తీసుకుని, ఒక్కసారి వినిపించమని ఆయనే అడిగితే, వద్దని చెప్పే హక్కు మనకు ఎక్కడిది?